మలివయసులో దేశం మారితే...
థాయిలాండులో స్థిరపడిన పాశ్చాత్య వృద్ధుల ఆరోగ్య సమస్యలు

కొత్త ఊరికి వెళ్ళి జబ్బుపడినవారిని చూసి మన పెద్దలు "ఆ ఊరి నీళ్ళు పడలేదు" అంటారు. ఆయుర్వేదంలోని సాత్మ్య విచారమంతా ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నది. శరీరం ఏ దేశంలో, ఏ ఆహారంతో, ఏ శీతోష్ణాలలో దీర్ఘకాలం మసలినదో అది దానికి సాత్మ్యము, అనగా ఒంటబట్టినది. యౌవనంలో జఠరాగ్ని బలంగా ఉంటుంది గనుక దేశం మారినా దేహం సర్దుకొంటుంది. అరవై దాటిన తరువాత వాతం సహజంగానే ప్రబలుతుంది, అగ్ని విషమంగా ఉంటుంది. ఆ వయస్సులో దేశం మారడం చిన్న విషయం కాదు.

ఈ సంగతిని గురువుగారి వద్ద వల్లించిన నాటికంటె స్పష్టంగా 2023 ఫిబ్రవరి, మార్చి మాసాలలో థాయిలాండులో చూశాను. మా మేనల్లుడు ఉద్యోగరీత్యా ఉత్తర థాయిలాండులోని చియాంగ్ మై నగరంలో ఉంటున్నాడు. వాని ఇంట ఆరు వారాలు గడిపాను. ఆ వీధిలో సగం ఇళ్ళు ఇంగ్లాండు, జర్మనీ, స్వీడన్, ఆస్ట్రేలియా దేశాల నుండి వచ్చి స్థిరపడిన విశ్రాంత ఉద్యోగులవే. నేను వైద్యుడనని తెలిసిన తరువాత సాయంకాలం వేళ ఒక్కొక్కరే వచ్చి వరండాలో కూర్చునేవారు. మేనల్లుడు మా ఇరువురి మాటలను అటూ ఇటూ చేరవేసేవాడు.

వారు ఇంత దూరం వచ్చి స్థిరపడడానికి కారణాలు సామాన్యమైనవే. చలిదేశంలో పట్టుకొనిపోయే కీళ్ళకు ఇక్కడి ఎండ హితంగా ఉంటుంది. స్వదేశంలో చాలీచాలని పింఛను ఇక్కడ కొంత ఊపిరి పీల్చుకోనిస్తుంది. అయితే ఏబది ఏళ్ళు నిండి, పదవీ విరమణ కారణంగా ఏడాది నివాసానుమతి కోరేవారు థాయి బ్యాంకులో 8 లక్షల బాతులు నిలవ చూపవలెను, లేదా నెలకు 65,000 బాతుల ఆదాయం చూపవలెను. తొంబది దినాలకు ఒకసారి తమ చిరునామాను అధికారులకు తెలియపరచవలెను. జీతానికి పని చేయరాదు. ఇంగ్లాండు ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పింఛను థాయిలాండులో ఉండేవారికి ఏటేటా పెరగదు. వచ్చిన నాడు ఎంత ఉన్నదో పదిహేనేళ్ళ తరువాత కూడ అంతే. వయస్సు పెరిగేకొద్దీ ఆరోగ్య బీమా రుసుము మాత్రం పెరుగుతూ పోతుంది. డెబ్బది దాటి, పాత జబ్బులు ఉన్నవారికి కొత్తగా బీమా దొరకడమే కష్టం.

వైద్య వ్యాసంలో ఈ లెక్కలు ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. బ్యాంకులోని సొమ్ము కదిలిస్తే నివాసానుమతి పోతుంది. కదిలించకపోతే పెద్ద ఆసుపత్రికి చెల్లించలేరు. అందుచేత చిన్న నొప్పిని దాచుకొంటారు, పెద్ద నొప్పికి చవకైన మందు వెతుకుతారు. అక్కడ నేను చూసిన అనర్థాలలో ఘోరమైనదానికి మూలం ఇదే. దానిని తరువాత చెబుతాను.

ముందు ఆహార విహారాలు. జలసమృద్ధి, పచ్చదనం, తేమ అధికంగా గల భూమిని మన శాస్త్రం ఆనూప దేశమన్నది. థాయిలాండు చాలావరకు అట్టిది. మే నుండి అక్టోబరు వరకు వానలు, ఏప్రిల్‌లో నలభై డిగ్రీలకు చేరువయ్యే ఎండ. చలిదేశపు వృద్ధుడు ఆ ఎండను తట్టుకోలేక పడకగదిలో ఏ.సి.ని పద్ధెనిమిది డిగ్రీల వద్ద పెట్టుకొని పడుకొంటాడు. తెల్లవారి ఒక్కసారిగా ఎండలోకి వస్తాడు. రోజుకు పదిసార్లు ఇట్లా శీతంలోనికి, ఉష్ణంలోనికి మారే దేహంలో వాతం స్థిమితంగా ఉండదు. మెడ పట్టివేయడం, తలతిరుగుడు, నిద్రలేమి అని వచ్చినవారిలో అనేకులకు నేను చెప్పిన మొదటి మందు ఏ.సి.ని ఇరవై ఆరు వద్ద ఉంచి, ఫ్యాను వేసుకోమనడమే.

రక్తపోటుకు మూత్రం జారీ చేసే మాత్రలు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను. చెమట, మూత్రం రెండు మార్గాలా నీరు, లవణాలు పోయి, లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్మి పడిపోతారు. ఆ వయస్సులో పడిపోవడమంటే తుంటి ఎముక విరగడమే కావచ్చు. అక్కడ కొబ్బరిబోండాలు సమృద్ధిగా దొరుకుతాయి. అమృతతుల్యమైన పానీయమే. కాని మూత్రపిండాలు దెబ్బతిన్నవారు, శరీరంలో పొటాషియం నిలుపుచేసే రక్తపోటు మాత్రలు వాడేవారు తమ వైద్యుని అడగకుండా రోజూ త్రాగరాదు. మన ఇళ్ళలోని పెద్దలకు కూడ ఇది వర్తిస్తుంది.

థాయి వంటలో ఉప్పు బదులు చేపలను ఉప్పులో ఊరవేసి తీసిన రసం పోస్తారు. 'నామ్ ప్లా' అంటారు. ఒక పెద్ద చెంచాడు రసంలో 1,200 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. "నేను ఉప్పు ముట్టను" అని గర్వంగా చెప్పిన ఒక జర్మను పెద్దమనిషి, బొప్పాయికాయ పచ్చడి రోజూ రెండు పూటలా తినేవారు. ఆయన కాళ్ళ వాపు ఎక్కడి నుండి వచ్చినదో వేరే చెప్పనక్కరలేదు.

ఉత్తర థాయిలాండులో జిగురు బియ్యపు అన్నాన్ని ముద్దలుగా చేసి చేతితో తింటారు. పొలంలో శ్రమించేవానికి అది చక్కని బలం. కుర్చీలో కూర్చుని రోజు గడిపే వృద్ధునికి గురువై కడుపుబ్బరం కలిగిస్తుంది. అదే దేశంలో 'జోక్' అని బియ్యాన్ని మెత్తగా ఉడికించి, అల్లం చేర్చిన జావ ఉదయం వీధివీధినా అమ్ముతారు. మన శాస్త్రంలోని యవాగువునకు దగ్గరి చుట్టం. రొట్టె, వెన్న, పంది మాంసపు ముక్కలకు అలవాటుపడినవారిని ఒక్కసారిగా దీనికి మార్చమని నేను చెప్పలేదు. పాత అలవాటులో పావు వంతు విడిచి, కొత్తదానిలో పావు వంతు చేర్చి, కొన్ని దినాలు ఆగి, మరల పావు వంతు మార్చమని చరకుడు చెప్పిన క్రమం ఒకటున్నది. దానికి పాదాంశిక క్రమమని పేరు. నలభై ఏళ్ళ కాఫీ మాన్పించినా, దేశం మార్చినా ఇదే మార్గం. విమానం దిగిన మరునాటి నుండి స్థానికుని వలె తినబోయినవారే ఎక్కువగా నా వద్దకు వచ్చారు. పచ్చి నదీచేపల వంటకాలను మాత్రం పావు వంతు కూడ ముట్టవద్దన్నాను. ఈశాన్య ప్రాంతంలో వాటి ద్వారా కాలేయంలో చేరే క్రిమి, పైత్యనాళపు క్యాన్సరుకు కారణమవుతున్నది.

ఫిబ్రవరి చివర నుండి ఆ ఊరిలో పొగ కమ్ముకొన్నది. చుట్టూ కొండలు, మధ్య పల్లంలో నగరం. పంటచేలు, అడవులు కాల్చిన పొగ ఎటూ పోలేక నిలిచిపోతుంది. నేను వెళ్ళిన నాడు ఇంటి మేడ నుండి కనిపించిన దోయ్ సుతేప్ కొండ మార్చిలో దినాల తరబడి కనిపించలేదు. ప్రాతఃకాల నడక ఆయురారోగ్యప్రదమని జీవితమంతా బోధించిన నేను, అక్కడ నడక మానమని చెప్పవలసి వచ్చినది. ఉబ్బసం, గుండెజబ్బు గలవారు ఏప్రిల్ వరకు దక్షిణాన సముద్రతీరానికి పోయి ఉండడమే మేలు. ఏ కషాయమూ ఆ పొగకు విరుగుడు కాదు.

ఇక చెబుతానన్న విషయం. థాయి సంప్రదాయ వైద్యానికి, మన వైద్యానికి రక్తసంబంధం ఉన్నది. బుద్ధునికి చికిత్స చేసిన జీవకుని వారు తమ ఆదివైద్యునిగా కొలుస్తారు. బ్యాంకాకులోని వాట్ ఫో ఆలయంలో మూడవ రామరాజు 1830ల నాటి పునరుద్ధరణలో చెక్కించిన వైద్య శిలాఫలకాలు నేటికీ ఉన్నవి. కరక్కాయ, తానికాయ, ఉసిరిక కలిస్తే వారికీ త్రిఫలే. శొంఠి, పిప్పలి, మిరియం కలిస్తే వారికీ త్రికటువే. ఈ బంధుత్వం చూసి నేను ఉప్పొంగిపోయాను. ఆ ఉప్పొంగే నన్ను తప్పుదారి పట్టించినది.

మా వీధిలో డెబ్బది రెండేళ్ళ ఆంగ్లేయుడు ఉండేవారు. బడిపంతులుగా పనిచేసి విరమించిన మనిషి. భార్య గతించినది, పిల్లలు దూరాన ఉన్నారు. మోకాళ్ళ నొప్పితో మెట్లు ఎక్కలేని స్థితిలో ఉండగా, సంతలో ఒకరి వద్ద నల్లని గుళికలు కొన్నారట. దినానికి రెండు. మూడు దినాలలో నొప్పి మాయమై, ఆకలి పెరిగి, యౌవనం తిరిగి వచ్చినట్లయినదట. ఏడాదిగా వాడుతున్నారు. పేరు లేని ప్లాస్టిక్ సంచిలో నుండి ఒక గుళిక తీసి నా అరచేతిలో పెట్టారు. చిదిమి వాసన చూశాను. తేనె, మిరియం, పిప్పలి. "మంచి మందే, వాడండి" అన్నాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను.

పది దినాల తరువాత ఆయన రాలేదు. మేనల్లునితో కలిసి వెళ్ళాను. మంచం మీద ఉన్నారు. వాంతులు, తీరని నీరసం, కూర్చుంటే తలతిరుగుడు. పగటి వెలుతురులో అప్పుడు సరిగా చూశాను. ముఖం పున్నమి చంద్రుని వలె గుండ్రమై ఎర్రబారి ఉన్నది. పొట్ట పెరిగి, చేతులు, తొడలు సన్నబడినవి. ముంజేతుల మీద చర్మం కాగితం వలె పలుచనై నల్లని మచ్చలు ఉన్నవి. ఈ ఏడాదిలోనే మధుమేహం బయటపడినదట. అంతా వయస్సు వలననే అనుకొన్నారు. గుళికలు అమ్మేవాడు రాక నాలుగు దినాలుగా మందు లేదన్నారు.

ఆ సాయంకాలమే ఆసుపత్రికి తీసుకొనిపోయాము. గుళికలలో స్టిరాయిడ్ కలిసి ఉన్నదని అక్కడి వైద్యులు తేల్చారు. మరునాటి ఉదయం తీసిన రక్తంలో కార్టిసాల్ దాదాపు లేదు. మన మూత్రపిండాల పైన ఉండే అధివృక్క గ్రంథులు ప్రతిదినం ఆ రసాన్ని తయారుచేస్తాయి. బయటి నుండి స్టిరాయిడ్ నెలల తరబడి వస్తుంటే ఆ గ్రంథులు పని మానివేస్తాయి. అప్పుడు మందు హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆయనకు అదే హార్మోనును కొలిచి ఇచ్చి, నెలల మీద తగ్గించుకొంటూ వచ్చారు. ఆసుపత్రి ఖర్చుకు బ్యాంకులోని నిలవ సొమ్మును కదిలించవలసి వచ్చినది. ఏది తప్పించుకోవడానికి గుళికలు కొన్నారో అదే జరిగినది.

అక్కడి గుళికమందులలో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్లను కలపడం పలుమార్లు బయటపడిన విషయమే. వాటిని పసిగట్టడానికి థాయి ప్రభుత్వ వైద్యశాస్త్ర విభాగం ఒక పరీక్షా సామగ్రిని కూడ తయారుచేసినది. స్టిరాయిడ్ స్వతహాగా చెడ్డ మందు కాదు, లెక్కకట్టి ఇస్తే ప్రాణాలు నిలిపేది. చెప్పకుండా మూలికలలో కలపడమే ద్రోహం. మూలిక వాసన ఉన్నంత మాత్రాన మూలికయే పని చేస్తున్నదని నావంటి వైద్యుడు కూడ చెప్పలేడు.

మన ఊళ్ళలో కీళ్ళనొప్పులకు పేరు లేని పొడులు, మాత్రలు పొట్లాలలో అమ్మడం లేదా? ఆయుర్వేద మందుపై తయారీదారు పేరు, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, ద్రవ్యాల జాబితా, తేదీ ఉండవలెనని మన దేశ నిబంధన. అవి లేని మందును మా వంటి పాతకాలపు వైద్యుడు ఇచ్చినా అడిగి తెలుసుకొనండి. పదేళ్ళ మోకాలి నొప్పి మూడు దినాలలో మాయమైతే సంతోషించడానికి ముందు అనుమానించండి. అట్టి మందును నెలల తరబడి వాడి ఉంటే ఈ వ్యాసం చదివి రేపే ఆపివేయరాదు. మిగిలిన మందును చేతపట్టుకొని వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళవలెను.

ఆయనకు మోకాళ్ళ కోసం నేను చెప్పినవి చాలా సాధారణమైనవి. గోరువెచ్చని నువ్వులనూనె పూసి, ఉప్పు మూటతో మృదువుగా కాపడం. మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గినవారు కాపడం పెట్టరాదు. కుర్చీలో కూర్చుని కాలు చాచి పది లెక్కపెట్టి దించడం, ఉదయం, సాయంత్రం పదేసి సార్లు. బరువు తగ్గడం. రెండు నెలలకు గాని గుణం కనిపించదని ముందే చెప్పాను. వీధి మూలనున్న మర్దనశాలకు వెళ్ళవచ్చునా అని అడిగారు. థాయి మర్దనం ఉత్తమమైన విద్యే. కాని స్టిరాయిడ్ వలన ఎముకలు గుల్లబారిన మనిషిని వీపు మీద మోకాలు మోపి విరిస్తే ఏమగునో చెప్పి, అరికాళ్ళ వరకు చాలునన్నాను.

ఆసుపత్రిలో ఆ రాత్రి "దగ్గరివారు ఎవరు?" అని అడిగితే మేము సమాధానం చెప్పలేకపోయాము. ఏ మందులు పడవో, ఎవరికి కబురు పెట్టవలెనో వ్రాసిన కాగితం ఇంట ఎక్కడా లేదు. మరుసటి వారం ఆ వీధిలోని వృద్ధులందరితో అట్టి కాగితం వ్రాయించి, థాయి భాషలో కూడ వ్రాయించి, ఒక్కొక్క ప్రతిని పొరుగింటిలో ఉంచే ఏర్పాటు చేశాడు మా మేనల్లుడు. కోలుకోలేని దశలో ఏ చికిత్స వద్దో ముందుగా వ్రాసి ఉంచుకొనే హక్కును ఆ దేశపు 2007 నాటి ఆరోగ్య చట్టం ఇస్తున్నది. ఇద్దరు ముగ్గురు అది కూడ వ్రాశారు.

పంతులుగారు ఇప్పటికీ ఆ ఇంటనే ఉన్నారు. నెమ్మదిగా నడుస్తారు, మెట్ల వద్ద కమ్మీ పట్టుకొంటారు. పొగ మాసాలలో దక్షిణాన హువా హిన్‌కు పోతారట. ఉదయం పూట రొట్టె పూర్తిగా మానలేదనీ, వారానికి నాలుగు దినాలు మాత్రం అల్లం వేసిన జావ త్రాగుతున్నాననీ మేనల్లుని ద్వారా మొన్న కబురు చేశారు.