లోహములకు గలుగు లోపలి గాయములు



మహానంది కోనేటి యొడ్డున నిలిచి చూచినచో నడుగున బడిన నాణెము సయితము కానవచ్చును. ఉక్కు అట్టిది కాదు. అణు రియాక్టరులో సంవత్సరముల తరబడి యుండి వచ్చిన యుక్కుగొట్టము పైకి చక్కగా నున్నను లోపల చెడియుండవచ్చును. ఆ చేటును ఎక్స్‌రేలతో గనుగొను తీరును మనవి చేసెదను.

ఇది మన సీమకు దూరపు ముచ్చట కాదు. కడప సీమలోని తుమ్మలపల్లెలో యురేనియపు గని గలదు. చెన్నపట్టణమునకు దక్షిణమున కల్పాక్కములో 1985 అక్టోబరున మొదలైన ఫాస్ట్ బ్రీడర్ పరీక్షా రియాక్టరులో ఇంధనము సన్నని యుక్కుగొట్టములలో నుండును. వాని నడుమ ద్రవసోడియము ప్రవహించి వేడిని గొనిపోవును. గొట్టములు ఉబ్బినచో నా దారి యిరుకగును.

మహానంది చుట్టునున్న యరటితోటలను దలచుకొనుడు. చెట్టునకు చెట్టు సమదూరము. లోహములో పరమాణువులును అట్లే బారులు దీరియుండును. వేగముగా వచ్చిన న్యూట్రాను తాకినచో పరమాణువు తన పాదును విడిచి వరుసల నడుమ నిరుకున జొచ్చును. ఒకచోట ఖాళీ పాదు, మరియొకచోట నదనపు చెట్టు. ఇట్టి జంటలలో పెక్కు వెంటనే కలిసిపోవును, మిగిలినవే చేటు.

బారుల నడిమి యెడమును గొలుచుటకు తగిన కొలబద్ద ఎక్స్‌రే. దాని తరంగపు నిడివి యించుమించుగా నా యెడమంతయే. 1913లో ఇంగ్లండున బ్రాగ్ తండ్రీకొడుకులు, కిరణము కొన్ని కోణములందే బలముగా వెనుకకు మరలుననియు, ఆ కోణమునుబట్టి యెడమును లెక్కింపవచ్చుననియు జూపిరి. జాగ్రత్తగా గొలిచినచో లక్షలో నొక వంతు మార్పును పట్టుబడును. ఇరుకున జొచ్చిన పరమాణువులు పొరుగువానిని నెట్టుటచే నెడము పెరుగును, కోణము తగ్గును. రేఖలు పలుచబడి వెడల్పగును.

అయితే నొక చిక్కు గలదు. 1967లో స్కాట్లండులోని డౌన్‌రే రియాక్టరు ఉక్కులో కాథార్న్, ఫుల్టన్ అనువారు సూక్ష్మమైన బోలు రంధ్రములను గనిరి. ఖాళీ పాదులు గుంపుగూడి రంధ్రములైనవి. అప్పుడు లోహము ఉబ్బును గాని, మిగిలిన బారుల యెడము మారదు! ఎక్స్‌రే నొక్కదానినే నమ్మినవాడు గొట్టము బాగున్నదనును.

కావున నిలువు కొలతయు గావలెను. చెట్ల యెడము మారకయే తోట పొడవు పెరిగినదన్న నడుమ బయళ్లేర్పడినవని రైతు గ్రహింపడా? పొడవు పెరిగిన పాలు ఎడము పెరిగిన పాలును మించినచో, ఆ మిగులే రంధ్రముల లెక్క. అమెరికాలో సిమ్మన్స్, బాలఫీ 1960లో అల్యూమినియమును వేడిచేసి, ఈ రెండు కొలతల భేదముచేతనే ఖాళీ పాదులను లెక్కించిరి.

ఎక్స్‌రేయే లోహమును చెరుపదా యని యొకరు నన్నడిగిరి. ఈ పరీక్షకు వాడు కిరణమునకు పరమాణువును పాదునుండి తొలగించు శక్తి లేదు. ఉక్కులో వెంట్రుక మందమైనను అది లోనికి జొరదు. అందుచేత నది పైపొర సంగతియే చెప్పును. లోతు తెలియవలెనన్న ముక్కను కోసి, సీసపు గోడల చాటున యంత్రహస్తములతో పట్టి, మరల గొలువవలసినదే.