ఏడు మాటలకు ఏడుగురు కావాలి

మదనపల్లె: శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆరాధన మొదలు కావాలి. మూడింటికి ముగియాలి. పాస్టరు అయ్యగారు ఒక్కరే. ఆయన చూసుకోవలసిన ఊళ్ళు మాత్రం నాలుగో, అయిదో, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువో. ఆ మూడు గంటల్లో అన్ని గుళ్ళలోనూ ఆయన ఎలా ఉంటారు? మదనపల్లె, పుంగనూరు, పలమనేరు చుట్టుపక్కల పల్లె సంఘాలకు ఏటేటా ఎదురయ్యే చిక్కు ఇదే.

మామూలు ఆదివారమైతే ఒక ఊళ్ళో పొద్దున్నే, మరో ఊళ్ళో పది గంటలకు, ఇంకో ఊళ్ళో సాయంత్రం అని సర్దుకుంటారు. క్రిస్మస్ కూడికలనైనా ఒక రోజు ముందూ వెనకా పెట్టుకోవచ్చు. ఈ శుక్రవారానికి ఆ వీలు లేదు. యేసు సిలువ మీద ఉండగా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా దేశమంతా చీకటి కమ్మిందని సువార్తలు చెబుతున్నాయి. కాబట్టి ఆ గంటలను అటూ ఇటూ జరపడానికి ఎవరికీ మనసు ఒప్పదు.

అందువల్ల అయ్యగారు ఏదో ఒక ఊళ్ళో ఉంటారు. మిగిలిన ఊళ్ళలో ఆరాధన బరువు ఊరివాళ్ళ మీదే పడుతుంది. ఉపదేశి ఉంటే ఉపదేశి, రిటైరైన అయ్యవారు, నర్సమ్మ, స్త్రీల సమాజం పెద్దమ్మ, టమోటా తోటలో కూలికి పోయే యువకుడు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీసుకుని నిలబడి చెప్పాలి. ఏడాది పొడుగునా వెనక బెంచీలో కూర్చునేవారు ఆ ఒక్కరోజు ముందుకు వస్తారు. అయ్యగారు రాలేకపోవడం సంఘానికి లోటే. కానీ పల్లెల్లో ఎందరో మొదటిసారి నలుగురి ముందు నోరు విప్పింది ఆ లోటు పుణ్యానే అన్న సంగతి మరచిపోకూడదు.

ఏర్పాట్లు భస్మ బుధవారం దాటగానే మొదలవుతాయి. ఆదివారాలు వదిలేసి లెక్కిస్తే ఈస్టరుకు అది నలభై రోజుల ముందు. సంఘ పెద్దలు ఒక రాత్రి గుడిలో కూర్చుని ఏడు పేర్లు రాయాలి. ఇందులోనే తగవులు వస్తాయి. పోయినేడు చెప్పినవారు మళ్ళీ మాదే అంటారు. ఒక వీధివారికి రెండు మాటలు వచ్చి, రెండో వీధివారికి ఒక్కటీ రాకపోతే అలకలు. చదువు రాని పెద్దాయనకు ఇవ్వవచ్చునా అని ఒకరు, ఆయన ప్రార్థన చేస్తే కన్నీళ్ళు రానివారు లేరని ఇంకొకరు. ఈ గొడవ లేకుండా కొన్ని ఊళ్ళలో చీటీలు వేస్తారు. చీటీకి ఎదురు లేదు గనుక అలక తగ్గుతుంది. అయితే ఎవరికి ఏ మాట తగునో చూసి ఇవ్వడంలో ఉన్న అందం చీటీలో లేదు.

ఏడు మాటలూ ఏ ఒక్క సువార్తలోనూ కలిసి లేవు. మూడు లూకాలో, మూడు యోహానులో ఉన్నాయి. తనను ఎందుకు విడిచావని దేవుణ్ణి అడిగిన నాలుగో మాట మాత్రం మత్తయి, మార్కు సువార్తల్లో ఉన్నది. తనను చంపుతున్నవారిని క్షమించమన్నది మొదటిది. పక్క సిలువ మీది దొంగకు మాట ఇచ్చింది రెండోది. తల్లిని శిష్యుడికి అప్పగించింది మూడోది. దీనిని చాలా ఊళ్ళలో ఆడవారికే ఇస్తారు. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఎవరైనా లేచి రెండు మాటలు చెబితే చాలు, ఆ పైన వ్యాఖ్యానం అక్కరలేదు.

నాలుగో మాటకు ఎవరూ ముందుకు రారు. దేవుడి కొడుకే అలా అడిగితే మనమేం చెప్పగలమని వెనకాడతారు. చివరికి అది ఉపదేశి నెత్తిన పడుతుంది. దాహం వేస్తున్నదన్న అయిదో మాట ఏడింటిలో అన్నిటికంటే చిన్నది. కానీ వెయ్యి అడుగులు దాటి బోరు వేసినా దుమ్మే వచ్చిన ఊళ్ళున్న ఈ ప్రాంతంలో దానికి ప్రసంగీకుడు వెతుక్కోనక్కరలేదు. ఎండిన బోరుకు అప్పు కడుతున్న రైతు ఎవరైనా చాలు. పని ముగిసిందన్నది ఆరోది. తన ఆత్మను తండ్రి చేతికి అప్పగించింది ఏడోది. అది పలుకుతుండగా మూడు కావాలి.

ఇక లెక్క చూస్తే మూడు గంటలంటే నూట ఎనభై నిమిషాలు. ఏడు భాగాలు చేస్తే ఒక్కో మాటకు ఇరవై అయిదు నిమిషాలు. అందులోనే పాట, వాక్యం చదవడం, ప్రసంగం, ప్రార్థన, కాసేపు మౌనం. అంటే చెప్పేవారికి దక్కేది పది పన్నెండు నిమిషాలు. ఇక్కడే ఏర్పాటంతా తలకిందులవుతుంది. మొదటివారు అరగంట తీసుకుంటారు. రెండోవారు తామేం తక్కువా అంటారు. రెండున్నరకు చూస్తే ఇంకా నాలుగో మాటే నడుస్తుంటుంది. చివరి ఇద్దరూ నెల రోజులు తయారై వచ్చి, అయిదేసి నిమిషాల్లో ముగించి చిన్నబుచ్చుకుని కూర్చుంటారు. అందుకే అనుభవమున్న పెద్దలు గడియారం ముందు ఒకరిని కూర్చోబెడతారు. ఆయన చెయ్యి ఎత్తితే చెబుతున్నవారు ముగించాలి. బంధుత్వం చూడనివారిని ఎన్నుకోవడం మంచిది.

ఈ చిక్కు మన పల్లెలదే కాదు. 1780లలో ఆస్ట్రియా సంగీతకారుడు హైడన్‌ను స్పెయిన్‌లోని కాడిజ్ నగరం నుంచి ఇదే ఆరాధనకు సంగీతం కట్టమని అడిగారు. ఏడు నెమ్మది రచనలు, ఒక్కొక్కటి పది నిమిషాల చొప్పున, వరుసగా, వినేవారికి విసుగు రాకుండా కట్టడం తేలిక కాలేదని ఆ మహా విద్వాంసుడే ఒప్పుకున్నాడు. అసలీ మూడు గంటల పద్ధతి బైబిలు ఆజ్ఞాపించినదీ కాదు. దక్షిణ అమెరికాలో పెరూ దేశపు లిమా నగరాన్ని 1687లో భూకంపం కూల్చింది. ఆ తరువాత అక్కడి జెసూట్ గురువు అలోన్సో మెస్సియా దీనిని ప్రారంభించారని చెబుతారు. కతోలికుల నుంచి ఇతర సంఘాలకు పాకి, సముద్రాలు దాటి మన పల్లెలకు చేరింది.

మన వైపు సంఘాలు ఒక్క మిషన్ నాటినవి కావు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు అమెరికావారి ఆర్కాట్ మిషన్ పనిచేసిన చోట్లు. జేకబ్ చాంబర్లేన్ 1863లో మదనపల్లెలో పని ప్రారంభించారు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఈ సంఘాలు కలిశాయి. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ నాటిన లూథరన్ సంఘాలున్నాయి. కతోలికులు శుభ శుక్రవారం పూజబలి అర్పించరు. పద్నాలుగు స్థలాల సిలువ మార్గం నడుస్తారు.

పండుగ తేదీ ఏటా మారడం ఏర్పాట్లకు మరో ఇబ్బంది. మార్చి 21న గానీ ఆ తరువాత గానీ వచ్చే పౌర్ణమి దాటిన ఆదివారం ఈస్టరు. శుభ శుక్రవారం 2024లో మార్చి 29న వచ్చింది, 2025లో ఏప్రిల్ 18న వచ్చింది. మార్చిలో వస్తే పదో తరగతి పరీక్షల పిల్లలు పాటల అభ్యాసానికి రారు. ఏప్రిల్‌లో వస్తే ఎండ. రేకుల కప్పు గుడిలో మిట్టమధ్యాహ్నం మూడు గంటలు, అందులోనూ ఉపవాసంతో కూర్చోవడమంటే మాటలు కాదు. ముందు రోజే కొబ్బరి మట్టల పందిరి వేయడం, బిందెతో నీళ్ళు పెట్టడం తప్పనిసరి. మూడు కొట్టేదాకా గుక్క నీళ్ళు ముట్టనివారున్నారు. అది వారి నిష్ఠ. కానీ చక్కెర జబ్బువారికీ, బాలింతలకూ ఆ పట్టుదల తగదని అయ్యగారు ముందే చెప్పడం మేలు.

అన్నిటికంటే పెద్ద సమస్య కూలి. శుభ శుక్రవారం ఆఫీసులకూ బడులకూ సెలవు. తోట పనికి సెలవెక్కడిది? పండిన టమోటా ఎవరి కోసమూ ఆగదు. మదనపల్లె మార్కెట్టుకు కాయ వెళ్ళి తీరాలి. పల్లె గుళ్ళకు వచ్చేవారిలో ఎక్కువమంది దళితవాడల కూలీలే. పొద్దంతా మానుకుంటే ఆ రోజు కూలి పోతుంది. అందుకని సంఘ పెద్ద ఆ వారంలోనే తోటల రైతుల దగ్గరకు వెళ్ళి మాట్లాడి రావాలి. తెల్లవారుజామునే కోతకు దిగి పదకొండుకల్లా ముగించేటట్టు ఒప్పుకుంటే ఇద్దరికీ నష్టం లేదు. ఈ ఒక్క పని మరచిపోతే ఏడుగురు ప్రసంగీకులున్నా వినడానికి ముసలివారూ పసిపిల్లలే మిగులుతారు. బెంగుళూరులో పనులకు పోయినవారు గురువారం రాత్రి బస్సుల్లో దిగుతారు. వారి రాక మీద కూడా పాటల బృందం ఆధారపడి ఉన్నది.

పాటల సంగతి పెద్దలకూ కుర్రకారుకూ ఏటా తేలని పంచాయతీ. ఆ రోజు డోలక్, కంజీర పక్కన పెట్టి హార్మోనియం ఒక్కటే ఉంచాలంటారు పెద్దలు. కీబోర్డు ఎందుకు వద్దంటారు పిల్లలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోని శ్రమల పాటలకు రాగం పట్టుకునేవారు తగ్గిపోతున్నారన్నది మాత్రం నిజం. శ్రమల కాలంలో ఇంటింటా జరిగే రాత్రి కూడికల్లో వారానికి రెండు కీర్తనలు ముసలమ్మల చేత పాడించి పిల్లలకు నేర్పించే ఊళ్ళలో శుక్రవారం నాడు తడబాటు ఉండదు. మైకు వద్దనే వాదం కూడా ఉన్నది. యాభై మంది పట్టే గుడిలో, మౌనం పాటించవలసిన ఆరాధనకు గుడి మీద గొట్టం మైకు ఎందుకన్నది సబబైన ప్రశ్నే.

గురువారం సాయంత్రం ప్రభురాత్రి భోజనం అయ్యాక బల్ల మీది గుడ్డలు, పూలు, కొవ్వొత్తులు తీసేస్తారు. శుక్రవారం బల్ల బోసిగా ఉంటుంది. అలంకరణకు పైసా ఖర్చు లేని ఆరాధన ఇదొక్కటే. మూడు కాగానే గంట కొడతారు. కొన్ని సంఘాల్లో ఆశీర్వాదం కూడా పలకరు. ఎవరితో ఎవరూ మాట్లాడకుండా చెప్పులు వేసుకుని ఇళ్ళకు పోతారు. పసిపిల్లలు కూడా ఆ కాసేపు గొంతు తగ్గిస్తారు.

మర్నాడు శనివారం మగవాళ్ళు కొడవళ్ళు తీసుకుని సమాధుల దొడ్డికి వెళతారు. ఆదివారం తెల్లవారకముందే అక్కడ కొవ్వొత్తులు వెలిగించాలి గనుక, ముళ్ళకంప కొట్టి దారి చేయాలి.