లెక్క అడిగే భాష: ఎస్‌క్యూఎల్ కథ

అమెరికాలో పన్ను మినహాయింపు పొందిన ధర్మసంస్థలు ఏటా తమ జమాఖర్చులను ప్రభుత్వానికి చూపాలి. అందుకోసం నింపే పత్రం పేరు ఫారం 990. చర్చిలకు మినహాయింపు ఉంది. మరీ చిన్న సంస్థలు క్లుప్తంగా సమాచారం ఇస్తే సరిపోతుంది. 1941 పన్ను సంవత్సరంతో మొదలైన ఈ పత్రంలో విరాళాలెంత వచ్చాయి, జీతాలకెంత, అద్దెలకెంత, ప్రయాణాలకెంత, విరాళాలు రాబట్టే ఏజెన్సీలకెంత అన్నది ఇప్పుడు పద్దులవారీగా ఉంటుంది. దాన్ని ఎవరైనా చూడవచ్చు.

అయితే ఒక సంస్థ లెక్క చూడటం ఒక పని, అన్ని సంస్థలనూ కలిపి ఒకే ప్రశ్న అడగటం ఇంకో పని. ఖర్చులో సగానికి పైగా ఏజెన్సీలకే చెల్లించిన సంస్థలేవో తెలుసుకోవాలంటే లక్షల పత్రాలు తిరగేయాలి. ఇవాళ అదే ప్రశ్నను ఐదారు పంక్తుల్లో రాసి, కొన్ని సెకన్లలో జవాబు అందుకోవచ్చు. ఆ పంక్తులు రాసే భాషే ఎస్‌క్యూఎల్. బ్యాంకులో, రైల్వే రిజర్వేషన్‌లో, ఫోన్‌లో రోజూ మన కోసం పనిచేసే ఈ భాష చేసిన పెద్ద మేలు ఇదే: దాచిన సమాచారాన్ని ప్రశ్నించే శక్తిని ప్రోగ్రామర్ కానివాడికి కూడా ఇచ్చింది.

దారి తెలిస్తేనే జవాబు

1960ల్లో కంప్యూటర్‌లో సమాచారాన్ని అంచెలంచెలుగా పేర్చేవారు. ఐబీఎం కంపెనీ తయారుచేసిన ఐఎంఎస్ అలాంటిదే. చంద్రుడి మీదికి మనిషిని పంపిన అపోలో పథకంలో విడిభాగాల లెక్క చూడటానికి అది పుట్టింది. అందులోంచి ఒక వివరం బయటికి తీయాలంటే, ఏ రికార్డు నుంచి ఏ రికార్డుకు వెళ్లాలో ప్రోగ్రామర్ అడుగడుగునా చెప్పాలి. కొత్త ప్రశ్న పుట్టిన ప్రతిసారీ కొత్త ప్రోగ్రాం రాయాలి. పేర్చిన తీరు మారిస్తే పాత ప్రోగ్రాంలు మూలపడేవి.

ఈ అవస్థకు మందు కనిపెట్టినవాడు ఎడ్గర్ కాడ్. 1923లో ఇంగ్లండ్‌లో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో రాయల్ ఎయిర్ ఫోర్స్ విమానాలు నడిపి, ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చదివి ఐబీఎంలో చేరాడు. కాలిఫోర్నియాలోని శాన్ హోసే పరిశోధనశాలలో పనిచేస్తూ 1970 జూన్‌లో ఒక పత్రం ప్రచురించాడు. సమాచారం యంత్రం లోపల ఎలా అమరి ఉందో వాడుకునేవారికి తెలియవలసిన అవసరమే ఉండకూడదన్నది అందులోని మూలసూత్రం. సమాచారమంతా పట్టికల్లో ఉండాలి. ఒక పట్టికకూ ఇంకో పట్టికకూ చుట్టరికం లోపలి తీగలతో కాక, రెండింటిలోనూ ఉన్న ఒకే విలువ ద్వారా కలవాలి.

దారి తెలియని ఆటో డ్రైవరుకు ప్రతి మలుపూ చెబుతూ పోవడం పాత పద్ధతి. 'కోఠి పోవాలి' అని చెప్పి కూర్చోవడం కాడ్ పద్ధతి. ఏ సందులోంచి పోవాలన్నది డ్రైవరు చూసుకుంటాడు.

పేరు మారిన పసిబిడ్డ

కాడ్ ఆలోచన గొప్పదే కానీ, ఆయన రాత గణితవేత్తల రాత. ఆ గుర్తులు కీబోర్డు మీద కొట్టడమే కష్టం. ఐబీఎంలోనే పనిచేస్తున్న ఇద్దరు యువకులు డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఆ కష్టాన్ని తీర్చడానికి పూనుకున్నారు. తొలి ప్రయత్నం 'స్క్వేర్'లో కూడా పంక్తి కిందికి దిగే అక్షరాలు ఉండేవి. అది వదిలేసి, మామూలు ఇంగ్లీషు మాటలతో 'సీక్వెల్' అనే భాష తయారుచేసి, 1974లో మిషిగన్ రాష్ట్రంలోని యాన్ ఆర్బర్ సదస్సులో ప్రకటించారు.

ఈ భాష ఎవరి కోసమో ఆ పత్రంలోనే రాశారు. కంప్యూటర్ నిపుణులు కాకపోయినా నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నవారి కోసం. ఉదాహరణగా వాళ్లు చెప్పిన నలుగురిలో మొదటివాడు అకౌంటెంట్. తర్వాత ఇంజనీరు, ఆర్కిటెక్టు, నగర ప్రణాళికలు వేసేవాడు. అంటే పుట్టినప్పుడే ఈ భాషకు జమాఖర్చులతో బంధుత్వం ఉంది.

ఈ భాష ఎదుగుదలను బాయిస్ చూడలేదు. అదే ఏడాది, 30 ఏళ్లు నిండకముందే, మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు. 'సీక్వెల్' అన్న పేరు మీద ఒక బ్రిటిష్ విమాన కంపెనీకి ట్రేడ్‌మార్క్ ఉండటంతో ఆ పేరు కుదించుకుని ఎస్‌క్యూఎల్ అయింది.

ఏం కావాలో చెబితే చాలన్నప్పుడు, ఎలా తేవాలో యంత్రమే తేల్చుకోవాలి. అది సాధ్యమేనా అని చాలామంది సందేహించారు. శాన్ హోసేలోనే సాగిన 'సిస్టమ్ ఆర్' ప్రయోగం దానికి సమాధానం చెప్పింది. ఆ బృందంలోని ప్యాట్రీషియా సెలింజర్, సహచరులు 1979లో ఒక పద్ధతి ప్రచురించారు. ఒక ప్రశ్నకు జవాబు తెచ్చే దారులు అనేకం ఉంటాయి. ఒక్కో దారికి డిస్కు నుంచి ఎంత చదవాలి, ప్రాసెసర్ ఎంత శ్రమపడాలి అని యంత్రం ముందే అంచనా కట్టి, చవకైన దారిని ఎంచుకుంటుంది. ఈనాటి డేటాబేస్‌ల గుండెకాయ ఈ ఆలోచనే.

ఐఎంఎస్ మీద బాగా సంపాదిస్తున్న ఐబీఎం కొత్త సరుకును బజారుకు తేవడంలో ఆలస్యం చేసింది. ప్రచురితమైన పత్రాలు చదివి ల్యారీ ఎలిసన్, బాబ్ మైనర్, ఎడ్ ఓట్స్ పెట్టిన చిన్న కంపెనీ 1979లోనే 'ఒరాకిల్' అమ్మకానికి పెట్టింది. కాడ్‌కు 1981లో కంప్యూటర్ రంగంలో ఇచ్చే ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. 1986లో ఎస్‌క్యూఎల్ అమెరికా జాతీయ ప్రమాణమైంది, మరుసటి ఏడాది అంతర్జాతీయ ప్రమాణమైంది.

బొమ్మలుగా మారిన అంకెలు

భాష సిద్ధమైనా, అడగడానికి అంకెలు చేతికందాలి కదా. ధర్మసంస్థల విషయంలో అక్కడే పెద్ద అడ్డు పడింది. చాలా సంస్థలు 990ను కంప్యూటర్ ద్వారానే దాఖలు చేసేవి. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ మాత్రం ఆ అంకెలను పేజీల బొమ్మలుగా మార్చి డీవీడీల్లో ఇచ్చేది. బొమ్మలోని అంకెను కూడటం, పోల్చటం యంత్రానికి కుదరదు. మనిషి కూర్చుని మళ్లీ టైపు చేయాలి.

ప్రభుత్వ సమాచారం ప్రజలకు దక్కాలని పోరాడే కార్ల్ మలమూద్ సంస్థ 'పబ్లిక్ రిసోర్స్' దీన్ని కోర్టుకు తీసుకెళ్లింది. తొమ్మిది సంస్థల పత్రాలను దాఖలైన రూపంలోనే ఇవ్వమని కోరింది. 2015 జనవరిలో కాలిఫోర్నియా ఫెడరల్ న్యాయమూర్తి విలియం ఓరిక్ వారి పక్షాన తీర్పు ఇచ్చారు. 2016 జూన్‌లో ఐఆర్‌ఎస్, కంప్యూటర్ ద్వారా దాఖలైన 990లను యంత్రం చదవగల రూపంలో బయట పెట్టింది. 2019లో వచ్చిన చట్టం ధర్మసంస్థలన్నీ కంప్యూటర్ ద్వారానే దాఖలు చేయాలని ఆదేశించింది.

ఐఆర్‌ఎస్ గణాంక విభాగం ఈ పత్రాల్లోని ముఖ్యమైన అంకెలను ఏడాదికొక పట్టికగా కూడా ఇస్తుంది. కొన్నేళ్ల పట్టికలను గూగుల్, ఎస్‌క్యూఎల్‌లో ప్రశ్నలడిగే తన 'బిగ్‌క్వెరీ' సేవలో ఉంచింది. నెలకు ఒక టెరాబైట్ దాకా ప్రశ్నలు అక్కడ ఉచితం. ఒక్కో పట్టికలో రెండు వందలకు పైగా కాలమ్‌లు ఉన్నా, మనం అడిగినవాటినే యంత్రం చదువుతుంది.

ప్రశ్న ఇలా ఉంటుంది

కాలమ్‌ల పేర్లను తెలుగు చేసి, ఒక ప్రశ్న రాసి చూద్దాం.

సెలెక్ట్ పేరు, ఊరు, మొత్తం_ఖర్చు, ఏజెన్సీ_రుసుము
ఫ్రమ్ వార్షిక_లెక్కలు
జాయిన్ సంస్థలు ఆన్ వార్షిక_లెక్కలు.ఈఐఎన్ = సంస్థలు.ఈఐఎన్
వేర్ ఏజెన్సీ_రుసుము > మొత్తం_ఖర్చు * 0.5
ఆర్డర్ బై ఏజెన్సీ_రుసుము డెస్క్

సంస్థ పేరు, ఊరు ఒక పట్టికలో ఉంటాయి. ఖర్చులు మరో పట్టికలో ఉంటాయి. రెండింటిలోనూ ఉన్నది ఈఐఎన్ అనే తొమ్మిది అంకెల గుర్తింపు సంఖ్య. 'జాయిన్' ఆ సంఖ్య ఆధారంగా రెండింటినీ కలుపుతుంది. కాడ్ 1970లో చెప్పిన చుట్టరికం ఇదే. 'వేర్' వడపోస్తుంది, 'ఆర్డర్ బై' పెద్ద మొత్తం పైకి వచ్చేలా వరుస పెడుతుంది.

ఇలాంటి ప్రశ్నకున్న బలం తక్కువది కాదు. 2013లో టాంపా బే టైమ్స్ పత్రిక, సెంటర్ ఫర్ ఇన్వెస్టిగేటివ్ రిపోర్టింగ్ కలిసి ధర్మసంస్థల పన్ను పత్రాలను, రాష్ట్రాల రికార్డులను జల్లెడ పట్టాయి. వారు ఎంచిన 50 సంస్థలు పదేళ్లలో దాదాపు 100 కోట్ల డాలర్లను విరాళాలు రాబట్టే కంపెనీలకే ఇచ్చినట్టు తేలింది. 2015 మేలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, 50 రాష్ట్రాలూ కలిసి, క్యాన్సర్ రోగుల పేరు చెప్పి 18.7 కోట్ల డాలర్లు వసూలు చేశాయంటూ నాలుగు సంస్థల మీద దావా వేశాయి.

జవాబును నమ్మే ముందు

ఎస్‌క్యూఎల్ అడిగినదానికే జవాబు చెబుతుంది, అడగవలసినదేమిటో చెప్పదు. అందుకే కొన్ని జాగ్రత్తలు తప్పవు.

ఈఐఎన్‌ను అంకెగా కాక అక్షరాలుగా ఉంచాలి. మసాచుసెట్స్ సంస్థల సంఖ్యలు చాలావరకు 04తో మొదలవుతాయి. ఒక పట్టికలో అంకెగా మారితే ముందున్న సున్నా పోయి, 'జాయిన్'లో ఆ సంస్థలు కనబడకుండా పోతాయి.

ఖాళీ గడి సున్నా కాదు. ఎస్‌క్యూఎల్‌లో దాన్ని 'నల్' అంటారు, అంటే విలువ తెలియదని. సగటు కట్టేటప్పుడు ఈ భాష ఖాళీలను పక్కన పెడుతుంది. పోల్చేటప్పుడు ఆ వరుసనే వదిలేస్తుంది.

పట్టిక మీద ఉన్న సంవత్సరం ఐఆర్‌ఎస్ ఆ పత్రాన్ని నమోదు చేసిన సంవత్సరం. అందులోని లెక్కలు అంతకు ముందటి ఏడాదివో, ఇంకా ముందువో కావచ్చు. సవరించిన పత్రాలను గమనించకుండా కూడితే ఒకే ఖర్చు రెండుసార్లు పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ఫారం 990 తొమ్మిదో భాగంలో ప్రతి ఖర్చునూ మూడుగా విడగొడతారు: సేవా కార్యక్రమాలకు, నిర్వహణకు, విరాళాల సేకరణకు. ఐఆర్‌ఎస్ సంక్షిప్త పట్టికల్లో ఈ విభజన లేదు, పద్దుల మొత్తాలే ఉన్నాయి. 'వందలో ఎన్ని డాలర్లు సేవకు చేరాయి?' అన్న ప్రశ్నకు పూర్తి పత్రాల దాకా వెళ్లాల్సిందే. అక్కడ రాసిందీ సంస్థ సొంత మాటే. 2004లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్, ఇండియానా విశ్వవిద్యాలయం పరిశోధకులు పరిశీలిస్తే, 50,000 డాలర్లకు మించి విరాళాలు అందుకున్న సంస్థల్లో 37 శాతం, సేకరణకు ఒక్క డాలరు కూడా ఖర్చు కాలేదని రాశాయి. అది నమ్మశక్యం కాదు.

నిర్వహణ ఖర్చు తక్కువగా ఉన్నంత మాత్రాన మంచి సంస్థ అయిపోదు కూడా. నర్సుకు జీతమివ్వాలి, లెక్కలు రాసే మనిషి ఉండాలి. ఆ ఖర్చు ఒక్కటే చూసి సంస్థను తూచవద్దని 2013లో గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ దాతలకు బహిరంగ లేఖ రాశాయి. ధర్మసంస్థల సమాచారాన్ని పరిశీలించి దాతలకు అందించే మూడు సంస్థలు చెప్పిన మాట కనుక దానికి విలువ ఎక్కువ.

అమెరికాలో ఉంటూ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో బడులకు, ఆసుపత్రులకు అక్కడి సంస్థల ద్వారా సొమ్ము పంపే తెలుగువారు ఎందరో ఉన్నారు. విదేశీ ఖర్చు పరిమితి దాటితే సంస్థ 990కు జోడించే 'షెడ్యూల్ ఎఫ్' నింపాలి. అందులో ఊరి పేరు, జిల్లా పేరు ఉండవు, 'దక్షిణాసియా' అన్న ప్రాంతం పేరే ఉంటుంది. అక్కడి నుంచి మన ఊరి దాకా ఉన్న దూరాన్ని ఏ ఎస్‌క్యూఎల్ ప్రశ్నా దాటలేదు. సంస్థనే అడగాలి.

లెక్క బయట పెట్టినంత మాత్రాన పారదర్శకత రాదు. ఆ లెక్కను ఎవరైనా ప్రశ్నించి జవాబు రాబట్టగలిగితేనే అది వచ్చినట్టు. కాబట్టి విరాళమివ్వండి, తప్పక ఇవ్వండి. ఇచ్చేముందు ఆ సంస్థ మూడేళ్ల పత్రాలు తెరిచి తొమ్మిదో భాగం చదవండి. పట్టికలో దొరకని వివరం ఉంటే సంస్థకు ఉత్తరం రాయండి. దాతకు లెక్క అడిగే హక్కు ఉంది, మంచి సంస్థకు ఆ ప్రశ్న భారం కాదు.