ఊగినా నిలవాలి, అంటుకున్నా నిలవాలి

కాలిఫోర్నియాలో మనవాళ్లు అద్దెకుండే రెండు మూడంతస్తుల అపార్ట్‌మెంట్లు చాలావరకు కలపతో కట్టినవే. ఇటుక, కాంక్రీటు మధ్య పెరిగిన మనకు గుండె గుబులుమంటుంది గానీ, భూకంపానికి కలపే మేలు. కట్టడం ఎంత బరువైతే నేల ఊగినప్పుడు దానిమీద అంత బలం పడుతుంది; కలప తేలిక. పైగా చెక్కల్ని పట్టి ఉంచే వేలాది మేకులు కాస్త వంగి, ఆ ఊపును తమలోకి తీసుకుంటాయి.

మరి 1989 అక్టోబరు 17 నాటి భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో మెరీనా ప్రాంతంలో అలాంటి ఇళ్లే ఎందుకు కూలాయి? కింది అంతస్తును కార్లకు వదిలేశారు. పైన గదుల గోడలు, కింద గరాజ్ తలుపుల ఖాళీలు. ఊపంతా ఆ బలహీనమైన అంతస్తు మీదే పడి అది పక్కకు ఒరిగింది. ఆపైన మంటలు. పూడిక నేలలో నీటి గొట్టాలు పగిలి హైడ్రెంట్లు ఎండిపోయాయి. ఫీనిక్స్ అనే అగ్నిమాపక పడవ అఖాతం నీళ్లు తోడిపోయాల్సి వచ్చింది.

అందుకే ఈ రెండు ప్రమాదాలకూ విడివిడిగా లెక్కలు కడితే చాలదు. కుదుపుకు జిప్సం బోర్డు ఊడితే వెనకున్న కలప నిప్పుకు దొరికిపోతుంది. స్ప్రింక్లర్ గొట్టం విరిగితే నీళ్లే రావు.

ఎత్తయిన కట్టడాలకు ఇప్పుడు దళసరి కలప వచ్చింది. పలకల్ని ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా పేర్చి జిగురుతో అతికిస్తారు. సన్నటి పుల్ల భగ్గుమంటుంది. దళసరి చెక్క పైపైన బొగ్గవుతుంది, ఆ బొగ్గే లోపలికి వేడి పోకుండా ఆపుతుంది. కాలే వేగం నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్లు, గంటకు దాదాపు 4 సెంటీమీటర్లు. ఆ మందాన్ని ముందే కలుపుకుంటారు. జిగురు మాత్రం వేడికి వదలకూడదు; వదిలితే బొగ్గు పొర రాలి, కొత్త చెక్క అంటుకుంటుంది.

2023లో శాన్‌డియాగోలో 10 అంతస్తుల కలప భవనాన్ని కంపన వేదికపై ఊపి చూశారు. గోడల్ని పునాదికి కదలకుండా బిగించలేదు. పైనుంచి కిందిదాకా ఉక్కు కడ్డీలు వేసి లాగి కట్టారు. ఊపుకు గోడ అంచు లేస్తుంది, కడ్డీల బిగువుకు మళ్లీ నిటారుగా వస్తుంది. 1994 నార్త్‌రిడ్జ్, 1999 తైవాన్ భూకంపాల కదలికల్ని అది తట్టుకుంది.

పాత ఇళ్ల సంగతి వేరు. 1978కి ముందు కట్టిన, మూడంతస్తులు, ఐదు వాటాలకు తగ్గని కలప ఇళ్లలో బలహీనమైన కింది అంతస్తును పటిష్ఠం చేయాలని శాన్‌ఫ్రాన్సిస్కో 2013లో చట్టం చేసింది. మీ పిల్లలు అక్కడ అలాంటి ఇంట్లో ఉంటే, ఆ పని పూర్తయిందో లేదో యజమానిని అడగమనండి. గ్యాస్ కట్టేసే వాల్వు ఎక్కడుందో కూడా ఈ వారమే చూసుకోమనండి.