దక్నీకి లేని భయం ఇంగ్లిష్‌కెందుకు?

హైదరాబాద్ పాతబస్తీలో, లాల్‌దర్వాజా గల్లీల్లో పెరిగిన తెలుగువాళ్లకు ఇంట్లో తెలుగు, గడప దాటితే దక్నీ అనే ఇక్కడి ఉర్దూ. మా అమ్మ గాజులకోసం లాడ్‌బజార్‌కు పోతే బేరమంతా దక్నీలోనే సాగేది. 'బస్ ఆయీ' అనాల్సిన చోట 'బస్ ఆయా' అనేది. తెలుగులో బస్సుకు ఆడా మగా తేడా లేదు కదా! కొట్టాయన ఏనాడూ దిద్దలేదు, అమ్మ ఏనాడూ తడబడలేదు.

ఆమె కొడుకుని నేను. డిగ్రీ అయ్యాక మొదటి ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పండని ఇంగ్లిష్‌లో అడిగితే పేరు చెప్పి ఆగిపోయాను. అరచేతులు తడిశాయి, నాలుక పిడచకట్టుకుపోయింది. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే చెప్పాల్సిన వాక్యాలన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. అంటే భాష లోపలే ఉంది. బయటికి రాకుండా ఏదో అడ్డుపడింది.

ఆ అడ్డేమిటో అమెరికాలో ఎలైన్ హార్విట్జ్, ఆమె సహ పరిశోధకులు 1986లో వివరించారు. పరభాషలో మాట్లాడేటప్పుడు కలిగే ఆందోళన మామూలు పిరికితనం కాదని, దానికంటూ ప్రత్యేక స్వభావం ఉందని చెప్పి, దాన్ని కొలవడానికి 33 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. నలుగురిలో మాట్లాడాలంటే బెరుకు, పరీక్ష భయం, ఎదుటివాళ్లు తక్కువగా చూస్తారన్న భయం... ఈ మూడింటితో దానికి దగ్గరి చుట్టరికం. నా అనుభవంలో మూడోదే అన్నిటికన్నా బరువైనది.

మెదడులో జరిగేది ఇది. ఏ మాటయినా నోటిదాకా రావాలంటే ముందు భావం కుదరాలి, తర్వాత పదాలు దొరకాలి, అవి వరసలో కూర్చోవాలి, చివరికి నాలుక కదలాలి. మాతృభాషలో ఇందులో చాలా భాగం మన ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది. ఇంగ్లిష్‌లో అలా కాదు. తెలుగులో వాక్యం చివర నిలిచే క్రియను మధ్యకు తెచ్చిపెట్టాలి, కాలం సరిచూసుకోవాలి. ఈ పనంతా 'వర్కింగ్ మెమరీ' అనే తాత్కాలిక జ్ఞాపకం మీద పడుతుంది. దాంట్లో ఒకేసారి నాలుగైదు సంగతులకు మించి నిలవవు. సరిగ్గా అప్పుడే 'తప్పు పోతుందేమో, నవ్వుతారేమో' అన్న ఆలోచన వచ్చి కూర్చుంటే వ్యాకరణానికి చోటేది? మరోవైపు, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే బాదంగింజంత భాగం ఎదురుగా ఉన్న అధికారి చూపునే ముప్పుగా లెక్కగడుతుంది. అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది, నోరెండిపోతుంది.

భయం తగ్గితే మాట బాగుపడుతుందా? నెదర్లాండ్స్‌లో కొత్తగా డచ్ నేర్చుకున్న 50 మంది జర్మన్ విద్యార్థుల మీద జరిపిన ప్రయోగం 2017లో వెలువడింది. కొందరికి కొద్దిపాటి మద్యం, మిగతావాళ్లకు నీళ్లు ఇచ్చి మాట్లాడించారు. ఎవరేం తాగారో తెలియని డచ్‌వాళ్లు విని మార్కులు వేశారు. మద్యం తీసుకున్నవాళ్ల ఉచ్చారణే మెరుగ్గా ఉందన్నారు. బెరుకు తగ్గడం వల్లే కావచ్చని పరిశోధకుల ఊహ. ఇది మందు తాగమని చెప్పే ప్రయోగం కాదు, మోతాదు పెరిగితే నాలుకే తిరగదు. నాకు ఇందులో పనికొచ్చిన విషయం వేరే ఉంది: తాగినవాళ్లు తమకు తాము వేసుకున్న మార్కులు మాత్రం పెరగలేదు. మన మాట ఎలా ఉందో మనకన్నా వినేవాళ్లకే బాగా తెలుస్తుందేమో.

దక్నీ విషయానికి మళ్లీ వస్తాను. 'కల్ ఆతూఁ బోల్కే బోలా' అంటారు పాతబస్తీలో. 'రేపు వస్తానని చెప్పాడు' అని అర్థం. ఆ 'బోల్కే' ఢిల్లీ ఉర్దూ ధోరణి కాదు, మన 'అని' లాంటి ద్రావిడ వాడుక అచ్చులో పోసినది. 'నక్కో' మరాఠీ నుంచి వచ్చింది. రెండో భాషగా మాట్లాడినవాళ్లు తమ ఇంటి నుడికారాన్ని వెంట తెచ్చుకున్నారు, శతాబ్దాలు గడిచేసరికి అదే ఆ భాష వ్యాకరణమైంది. మా అమ్మ దక్నీ అలాంటి గాలిలో పెరిగింది. నా ఇంగ్లిష్ ఎర్రసిరా కలం కింద పెరిగింది. ప్రతి వాక్యానికీ ఒక పరీక్షకుడుండేవాడు, బేరగాడు ఒక్కడూ లేడు.

చార్మినార్ దగ్గర విదేశీ యాత్రికులకు ఇంగ్లిష్‌లో గాజులమ్మే కుర్రాళ్లను గమనించండి. రాళ్లు పొదిగిన లక్కగాజుల గురించి అవే పది వాక్యాలు రోజూ కొత్త మనిషికి చెబుతుంటారు. తెలియకుండానే వాళ్లు చేస్తున్న పనికి భాషాబోధనలో '4/3/2' అనే పద్ధతి దగ్గరగా ఉంటుంది. ఒకే సంగతిని ఒకరికి 4 నిమిషాల్లో, ఇంకొకరికి 3 నిమిషాల్లో, మూడో మనిషికి 2 నిమిషాల్లో చెప్పాలి. న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్ 1989లో దీన్ని పరిశీలించి, మాట వేగం పెరుగుతుందని, తడబాట్లు తగ్గుతాయని చూపించాడు. భావం, పదాలు ముందే సిద్ధంగా ఉంటాయి కాబట్టి తాత్కాలిక జ్ఞాపకం మీద బరువు తగ్గుతుంది. వినే మనిషి కొత్తవాడు కాబట్టి అప్పజెప్పినట్టూ ఉండదు.

పోయిన ఆషాఢంలో మా మేనకోడలితో ఇదే చేయించాను. లాల్‌దర్వాజా బోనాల పండుగ గురించి ఇంగ్లిష్‌లో మొదట నాకు, తర్వాత తన స్నేహితురాలికి, చివరికి పై వాటాలో అద్దెకుండే ఒడియా ఆయనకు చెప్పింది. నా దగ్గర రెండుసార్లు 'ఇంక చాలు మామయ్యా' అంది. ఆయనకు చెప్పేటప్పుడు కాలాలు కలిసిపోయాయి, 'ది' ఉండాల్సిన చోట్ల సగం లేదు. కానీ ఘటాల ఊరేగింపు దాకా ఆగకుండా చెప్పింది. ఆయన మధ్యలో ఆపి, బోనంలో ఏం వండుతారని అడిగాడు. దానికీ ఇంగ్లిష్‌లోనే జవాబు చెప్పింది.