పోర్ట్రెయిట్‌కి ఎఫ్/1.8 పెట్టేస్తే సరిపోతుందా?

ఫోన్ స్పెక్స్‌లో ఎఫ్/1.7 అని కనిపించగానే ఇక డీఎస్ఎల్ఆర్‌తో పనేముంది అనుకునేవాళ్లు చాలామంది. కానీ ఎఫ్/1.8 ఉన్న 50 ఎంఎం లెన్స్‌తో తీస్తే వెనకాల అంతా మసకబారిపోతుంది. ఫోన్‌లో మామూలు ఫొటో మోడ్‌లో తీస్తే వెనక గోడ మీద పోస్టర్ కూడా చదివేయొచ్చు. నంబర్ దాదాపు ఒకటే కదా, మరి తేడా ఎక్కడ?

ఎఫ్ నంబర్ అనేది ఒక నిష్పత్తి మాత్రమే. ఫోకల్ లెంగ్త్‌ని దాంతో భాగిస్తే లెన్స్ ఓపెనింగ్ సైజు వస్తుంది. 50 ఎంఎం లెన్స్‌లో ఎఫ్/1.8 అంటే దాదాపు 28 ఎంఎం. ఐఫోన్ 15 ప్రో మెయిన్ కెమెరాని 24 ఎంఎం అంటారు గానీ, అది ఫుల్ ఫ్రేమ్ లెక్క. అసలు ఫోకల్ లెంగ్త్ 7 ఎంఎం కూడా లేదు. ఎఫ్/1.78 దగ్గర ఓపెనింగ్ 4 ఎంఎం లోపే! బ్లర్ విషయంలో అది ఫుల్ ఫ్రేమ్‌లో సుమారు ఎఫ్/6తో సమానం. అందుకే పోర్ట్రెయిట్ మోడ్‌లో సాఫ్ట్‌వేర్‌తో బ్లర్ చేస్తారు. స్లైడర్‌ని ఎఫ్/1.4కి జరిపినా లోపల ఏదీ కదలదు. జుట్టు చివర్లు, జుంకాలు, కళ్లజోడు అంచులు చూడండి, దొరికిపోతుంది. (గెలాక్సీ ఎస్9, షావోమీ 14 అల్ట్రా లాంటి కొన్నింటిలో మాత్రం అపెర్చర్ నిజంగానే మారుతుంది.)

ఇక కెమెరా ఉన్నవాళ్ల సంగతి. కొత్తగా 50 ఎంఎం ఎఫ్/1.8 కొన్నవాళ్లు దాన్ని 1.8 నుంచి కదపరు. ఏపీఎస్-సీ కెమెరాతో మీటరున్నర దూరం నుంచి తీస్తే, ఎఫ్/1.8 దగ్గర షార్ప్‌గా వచ్చే లోతు 6-7 సెంటీమీటర్లే. ముఖం కాస్త పక్కకి తిరిగితే ఒక కన్ను షార్ప్, రెండోది మసక. కెమెరా స్క్రీన్ మీద ఇది తెలీదు, ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే తెలుస్తుంది. ఎఫ్/2.8 పెడితే దాదాపు 10 సెంటీమీటర్లు, ఎఫ్/4కి 14. ఒక్కరి ఫొటోకి నా ఓటు ఎఫ్/2.8కే. 1.8ని వెలుతురు బాగా తక్కువున్నప్పటికి దాచుకోండి. ఫోకస్ మాత్రం ఎప్పుడూ మీకు దగ్గరగా ఉన్న కంటి మీదే.

బ్లర్ తగ్గిపోతుందని భయమా? మనిషిని గోడకి ఆనించి నిలబెట్టకండి. నాలుగైదు మీటర్లు ముందుకి రమ్మనండి, ఎఫ్/4లో కూడా వెనకాల బాగానే కరుగుతుంది.

పెళ్లిలో గ్రూప్ ఫొటో వేరే కథ. రెండు వరుసలుంటే 3 మీటర్ల నుంచి ఎఫ్/5.6 కావాలి. అప్పుడు సుమారు 80 సెంటీమీటర్ల లోతు దొరుకుతుంది. కానీ 1.8తో పోలిస్తే వచ్చే వెలుతురు పదోవంతే. రాత్రి ఫంక్షన్ హాల్లో ఐఎస్ఓ పెంచక తప్పదు, నాయిస్ వస్తుంది. ఫ్లాష్ లేకపోతే అందర్నీ ఒకే వరుసలో నిలబెట్టి ఎఫ్/2.8లో తీసేయండి.