ప్రపంచపు రొట్టెలు – మన ఇంటి పొయ్యి మీద

మన ప్రాంతంలో ఎవరికైనా జ్వరం వస్తే ఇంట్లోవాళ్ళు చేసే మొదటి పని, వీధి చివరి బేకరీకి పోయి బ్రెడ్డు ప్యాకెట్టు తేవడం. పాలల్లో ముంచి రోగికి పెడతారు. అది తేలికైన ఆహారమనీ, ఎవరికి పెట్టినా హాని లేదనీ మనందరి నమ్మకము. నిజం చెప్పాలంటే వార్డులో మేము కూడా చాలాకాలం అలాగే చెప్పాము.

కొన్నేళ్ళ క్రితం మా స్త్రీల సర్జికల్ వార్డులో పాలమూరు వైపు నుండి వచ్చిన ఒక పెద్దమ్మ ఉండేది. షుగరు వ్యాధి, కాలికి పుండు. ఇన్సులిన్ వేళ తప్పకుండా ఇస్తున్నాము, డ్రెస్సింగు రోజూ జరుగుతోంది, అయినా రాత్రి భోజనం తర్వాత చూసే షుగరు దిగడం లేదు. డాక్టరుగారు మోతాదు రెండుసార్లు పెంచారు. చివరికి ఒక స్టాఫ్ నర్సు ఆమె మంచం ప్రక్కనున్న లాకరు తెరిచి చూస్తే అందులో బ్రౌన్ బ్రెడ్డు ప్యాకెట్టు ఉన్నది. “రాత్రిపూట అన్నం మాని రొట్టె తినమంటిరి గద సిస్టరమ్మా, మీరు చెప్పినట్టే తింటున్న” అన్నది. ఎన్ని ముక్కలు తింటున్నావని అడిగితే ఆరు అన్నది, గ్లాసు పాలతో. తినమని చెప్పింది మేమే. ఎన్ని తినాలో చెప్పనిదీ మేమే.

ఆ ప్యాకెట్టు వెనుక చిన్న అక్షరాలు చదివాము. మన దేశంలో పదార్థాల పేర్లను బరువునుబట్టి, ఎక్కువ ఉన్నది ముందు వచ్చేలా వ్రాయాలి. అందులో మొదటి పేరు మైదా. తర్వాత గోధుమపిండి, చక్కెర, చివరలో రంగు కోసం కారమెల్. అంటే గోధుమ రంగులో సగం రంగు సీసాదే! బ్రెడ్డు ముక్క ఒకటి 25 నుండి 30 గ్రాములుంటుంది, అందులో 12 నుండి 15 గ్రాముల పిండిపదార్థము ఉంటుంది. మూడు ముక్కలు తింటే ఒక కప్పు అన్నం తిన్నట్టే. మన పెద్దమ్మ అన్నం మానేసి రెండు కప్పుల అన్నమంత తింటున్నదన్నమాట.

ఆమె కాలి చిటికెన వేలు తీయవలసి వచ్చింది. అది రొట్టె వల్లనే అని మేము చెప్పము. ఆమె వచ్చేసరికే పుండు ఎముకదాకా పోయింది. కాని ఆ ఆరు ముక్కల సంగతి మమ్మల్ని వదలలేదు. రొట్టెలో ఏముంటుందో తెలియకుండా రొట్టె తినమని ఎలా చెప్పాము? అందుకని మా హాస్టలు వంటగదిలో ఆదివారం మధ్యాహ్నాలు రొట్టెలు చేయడం మొదలుపెట్టాము. మా వద్ద చదువుకొని కువైటుకు, ఐర్లాండుకు పోయిన పిల్లలు అక్కడి పద్ధతులు వ్రాసి పంపారు. మొదటి పాఠం మాత్రం ఆ పెద్దమ్మే చెప్పింది.

జొన్నరొట్టె నుండి మెక్సికో వరకు

గోధుమపిండిని నీళ్ళతో కలిపి పిసికితే అందులోని మాంసకృత్తులు గ్లూటెన్ అనే సాగే జిగురుగా మారతాయి. రొట్టె పొంగడానికి ఆధారం అదే. లోపల పుట్టిన గాలిని బుడగలాగా పట్టి ఉంచుతుంది. జొన్నలో, మొక్కజొన్నలో, రాగిలో గ్లూటెన్ లేదు. అందుకే జొన్నపిండిని చన్నీళ్ళతో కలిపితే ముద్ద విరిగిపోతుంది. “నీళ్ళు మసలందే జొన్నపిండి మాట వినదు బిడ్డా” అని పెద్దమ్మ మంచం మీద కూర్చొనే చెప్పింది. మసిలే నీళ్ళకు పిండిలోని గంజి ఉడికి జిగురవుతుంది, ఆ జిగురే రొట్టెను పట్టి ఉంచుతుంది. మా ట్రైనింగులో ఎవరూ చెప్పని సంగతి ఇది.

మెక్సికోవారి టోర్టియా మన జొన్నరొట్టెకు చుట్టం వంటిది. అయితే వాళ్ళు మొక్కజొన్నను ఊరికే పిండి పట్టరు. సున్నపునీటిలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, మూడు నాలుగుసార్లు కడిగి, పొట్టు రాలేలా రుద్ది, తడిగానే రుబ్బుతారు. కిలో గింజలకు సుమారు 10 గ్రాముల సున్నం చాలు. తాంబూలంలో వాడే తినే సున్నమే కావలెను, గోడలకు వేసేది పనికిరాదు. సున్నం కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్ళు పోస్తూ ఆసుపత్రికి రావలెను. రుబ్బిన ముద్దను నిమ్మకాయంత ఉండ చేసి, బొబ్బట్లకు లాగా రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య ఒత్తి, వేడి పెనం మీద రెండువైపులా కాల్చాలి.

ఈ సున్నం రుచి కోసం మాత్రమే కాదు. మొక్కజొన్నలో నియాసిన్ అనే బి విటమిన్ ఉన్నా, గింజలో అది బిగిసి ఉండి మన ఒంటికి అందదు. సున్నంలో ఉడికితే విడివడుతుంది. అమెరికా ఖండపు ఆదివాసులు వేల ఏండ్లుగా ఇలాగే చేసుకున్నారు. ఐరోపావారు మొక్కజొన్నను తీసుకుపోయారు గాని సున్నం సంగతి తీసుకుపోలేదు. 18వ శతాబ్దంలో స్పెయినులో, ఇటలీలో మొక్కజొన్నే ఆధారమైన పేదలకు పెల్లాగ్రా వచ్చింది. ఎండ తగిలే చేతుల మీద, మెడ చుట్టూ చర్మం నల్లబడి పగులుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి, తర్వాత మతి చెడుతుంది, చికిత్స లేకపోతే మరణము. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఇది వ్యాపించినప్పుడు అంటువ్యాధి అనుకున్నారు. డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ 1914 నుండి శ్రమపడి, ఇది క్రిమి వల్ల కాదు, తిండి లోపం వల్ల అని నిరూపించారు. 1937లో నియాసినే మందని తేలింది.

మన హైదరాబాదుకు కూడా ఈ కథలో పాలున్నది. దక్కను ప్రాంతంలో జొన్నలే తిని బ్రతికే పేదలలో పెల్లాగ్రా కనిపించడం చూసి, డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు పరిశోధన చేశారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ దీనికి కారణం కావచ్చునని 1960లో ప్రకటించారు. ఇది చదివి జొన్నరొట్టె మానవద్దు. జొన్నరొట్టెతో పప్పు, ఆకుకూర, పాలో మజ్జిగో ఉంటే ఆ భయం లేదు. ఒట్టి రొట్టె, ఎండుమిర్చి కారంతోనే పూటలు గడిపే ఇళ్ళలో జాగ్రత్త కావలెను. అటువంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

మజ్జిగతో ఐర్లాండు రొట్టె

మాకు అన్నిటికన్న సులువుగా వచ్చిన రొట్టె ఇదే. ఈస్ట్ అక్కరలేదు, పిసకనక్కరలేదు, గంటలో చేతికి వస్తుంది. ఐర్లాండులో పండే మెత్తరకం గోధుమలో గ్లూటెన్ తక్కువ, ఈస్టుతో సరిగా పొంగదు. 19వ శతాబ్దంలో వంటసోడా అక్కడి ఇళ్ళకు చేరిన తర్వాత, వెన్న తీసిన పుల్లని మజ్జిగతో ఈ రొట్టె చేసుకున్నారు. పుల్లని మజ్జిగ, వంటసోడా కలిస్తే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది, అదే రొట్టెను లేపుతుంది.

అర కిలో గోధుమపిండిలో సమతలంగా ఒక టీస్పూను వంటసోడా, ఒక టీస్పూను ఉప్పు కలిపి జల్లించండి. చిక్కని పుల్లమజ్జిగ సుమారు 400 మి.లీ. పోసి చేతివేళ్ళతో కలపండి. మన మరపిండి నీరు ఎక్కువ పీలుస్తుంది గనుక ఇంకొంచెం పట్టవచ్చు. చపాతీ పిండిలా పిసికితే రొట్టె రాయవుతుంది. మా వార్డు సిస్టర్లు మొదటి ఆదివారం చేసింది అదే, ఆ రొట్టెను కుక్క కూడా ముట్టలేదు! గుండ్రంగా చేసి, పైన కత్తితో లోతుగా సిలువ గుర్తు గీయండి. ఆ గాటు వల్ల వేడి మధ్యకు చేరి లోపల పచ్చి మిగలదు. వాయువు పోకముందే కాల్చాలి, కాబట్టి ఓవెన్ ముందే 220 డిగ్రీలకు వేడెక్కి ఉండవలెను. 40 నిమిషాలు చాలు.

ఓవెన్ లేనివారు కేకుకు చేసినట్టే ప్రెషరు కుక్కరులో రెండు అంగుళాలు ఇసుక పోసి, మూతకు రబ్బరు, వెయిటు తీసివేసి, పది నిమిషాలు వేడిచేసి, గిన్నెలో పెట్టి కాల్చవచ్చు. పైభాగం ఎర్రబడదు గాని లోపల బాగానే కాలుతుంది. అయిందో లేదో తెలియాలంటే రొట్టెను తిరగేసి అడుగున వేలితో తట్టండి. డాక్టరుగారు రోగి వీపు మీద తట్టి చూస్తారే, అలాగే. బోలుగా మ్రోగితే అయినట్టు. మొద్దుగా పలికితే ఇంకా నీరున్నట్టు. మా విద్యార్థినులకు ఈ పరీక్ష పుస్తకంలోకన్న ఇక్కడే బాగా అర్థమయింది.

బి.పి., గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఒక సంగతి గమనించండి. సోడియం ఉప్పులోనే కాదు, వంటసోడాలోనూ ఉంటుంది. పైన చెప్పిన రొట్టె మొత్తంలో ఉప్పు నుండి సుమారు 2000, సోడా నుండి 1200కు పైగా మిల్లీగ్రాములుంటాయి. పెద్దవారికి రోజంతటికీ 2000 మి.గ్రా. మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రొట్టెను 12 ముక్కలు చేసి ఆరు తింటే సుమారు 1600 దాటుతుంది. ఉప్పగా ఉన్నట్టు నాలుకకు తెలియదు కూడా. అటువంటివారికి ఉప్పు సగానికి తగ్గించి చేయండి, ఒకటి రెండు ముక్కలతో ఆపండి.

ఈస్టు రొట్టెలు

ఈస్ట్ ప్రాణమున్న జీవి. పిండిలోని చక్కెరను తిని వాయువును వదులుతుంది. నీళ్ళు గోరువెచ్చగా ఉండవలెను. మరిగే నీళ్ళు పోస్తే చచ్చిపోతుంది, తర్వాత ఎంతసేపు ఆగినా పిండి లేవదు. పసిబిడ్డ స్నానపు నీళ్ళు చూసినట్టే ముంజేతి లోపలివైపు వేసుకొని చూడండి, హాయిగా ఉంటే సరి. పుస్తకాలలో పిండి లేవడానికి గంటన్నర అని వ్రాస్తారు, అది చలిదేశాల లెక్క. మే నెలలో మా వంటగదిలో నలభై నిమిషాలకే గిన్నె దాటి పొంగింది. ఎండాకాలంలో కుండనీళ్ళతో కలిపి తెల్లవారుజామున చేసుకోవడం మంచిది. గడియారం చూడవద్దు, పిండి రెట్టింపయిందా అని చూడండి.

అరబ్బు దేశాల పీటా, కువైటు నుండి సెలవుకు వచ్చినవారందరికీ తెలిసిన ఖుబూజు, మన పుల్కాకు అన్నదమ్ములే. గోధుమపిండి, మైదా సగం సగంగా అర కిలో, రెండు టీస్పూన్ల ఈస్ట్, ఒక టీస్పూను ఉప్పు, ఒక చెంచా నూనె, 325 మి.లీ. నీళ్ళు. పది నిమిషాలు బాగా పిసికి, లేచిన తర్వాత పది ఉండలు చేసి, అర సెంటీమీటరు మందాన వత్తి, పావుగంట ఆగి బాగా కాలిన పెనం మీద వేయండి. లోపలి నీరు ఆవిరై రొట్టెను రెండు పొరలుగా విడదీస్తుంది. పొంగేటప్పుడు ముఖం దగ్గర పెట్టి చూడవద్దు, మా విద్యార్థిని ఒకరికి ఆవిరితో బుగ్గ కాలింది. కాలినచోట వెంటనే 20 నిమిషాలు కుళాయి నీరు ధారగా పోయాలి. పేస్టు, సిరా, పసుపు, నూనె ఏదీ పూయవద్దు.

ఇథియోపియావారి ఇంజెరాను మన దోసె తెలిసినవారికి వివరించనక్కరలేదు. టెఫ్ అనే సన్నగింజల పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి ఒకవైపే కాలుస్తారు. యూదుల పస్కా రొట్టె దీనికి పూర్తిగా ఎదురు. పిండికి నీరు తగిలిన 18 నిమిషాలలోగా కాలిపోవలెను, ఆలస్యమైతే పులిసినట్టే లెక్క. ప్రభురాత్రి భోజనానికి రొట్టె చేసే మన సంఘపు స్త్రీలు ఇది విని, తాము ముందురోజే పిండి కలుపుతున్నామని నవ్వుకున్నారు. ఆ చిన్నవాడు యేసుప్రభువుకు అందించిన ఐదు యవల రొట్టెలు కూడా పలుచనివే అయి ఉంటాయి. యవలలో, అంటే బార్లీలో, కరిగే పీచు ఎక్కువ. అది భోజనం తర్వాత షుగరు పెరగడాన్ని నెమ్మదింపజేస్తుంది. మూడవ వంతు బార్లీపిండి గోధుమపిండిలో కలిపి చేస్తే మాకు బాగా వచ్చింది.

ఇంట్లో చేసినదైనా షుగరున్నవారికి లెక్క మారదు. మెత్తగా మరపట్టిన గోధుమపిండి బ్రెడ్డు షుగరును పెంచే వేగంలో తెల్లబ్రెడ్డుకు దాదాపు సమానమే. ముక్కలు లెక్కపెట్టవలెను. నలగని గింజలు కనబడే రొట్టె, జొన్న, బార్లీ కలిసిన రొట్టె మేలు. గోధుమ తిన్నప్పుడల్లా విరేచనాలు, బరువు తగ్గడం, రక్తహీనత ఉన్న పిల్లలకు సీలియాక్ వ్యాధి ఉండవచ్చు. వారికి గోధుమ, బార్లీ పూర్తిగా కూడవు. పరీక్ష చేయించకముందే గోధుమ మాన్పిస్తే పరీక్షలో జబ్బు దొరకదు, ముందు డాక్టరుకు చూపండి. ఇక బేకరీ రొట్టె పొంగడానికి వాడే పొటాషియం బ్రోమేటు గురించి కొందరు అడుగుతున్నారు. క్యాన్సరు అనుమానం వల్ల దానిని 2016 జూన్‌లో మన దేశంలో నిషేధించారు.

పెద్దమ్మ ఇప్పుడు మూడు నెలలకొకసారి చూపించుకోవడానికి వస్తుంది. పోయినసారి ఓ.పి.లో మేము చేసిన బార్లీ రొట్టె ఒక ముక్క పెట్టాము. నమిలి, “ఉప్పు తక్కువ” అన్నది.

ఇంటి రొట్టెలో నిలవ మందులుండవు. పూర్తిగా చల్లారిన తర్వాతే కోసి, గుడ్డలో చుట్టి పెట్టుకోండి. వర్షాకాలంలో రెండవరోజుకే బూజు పడుతుంది. బూజు కనబడిన మేర గీకి మిగతాది తినవద్దు, కంటికి కనబడని పోగులు లోపలికి ప్రాకి ఉంటాయి. ముక్కలు కోసి ఫ్రీజరులో పెట్టుకొని, ఏ పూటకు కావలసినన్ని ఆ పూట పెనం మీద వేడిచేసుకోవచ్చు.